ఒక్క చార్జింగ్‌తో ఎంత దూరం, ఎంత బరువు?

పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్. ముంబై హైవే వెంట వరుసగా ఉన్న ఈ పారిశ్రామిక ప్రాంతాల్లో ఫోర్క్‌లిఫ్టులు, స్టాకర్లు, ఆటోలు, స్కూటర్లు బ్యాటరీకి మారుతున్నాయి. బండి ఏదైనా, నడిపేవాళ్లు అడిగేది ఒకటే: చార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది? ఆ జవాబు వెనక ఉన్న విశేషాలు కొన్ని.

● స్కూటర్‌కు బ్యాటరీ బరువు భారం. ఫోర్క్‌లిఫ్టుకు అదే బలం! ముందు ఫోర్కుల మీద టన్ను సరుకు లేపినప్పుడు బండి ముందుకు తూలకుండా సీసం బ్యాటరీ వెనక నుంచి ఆపుతుంది. అందుకే తేలికైన లిథియం బ్యాటరీకి మారేవాళ్లు బండి ప్లేటు మీద రాసి ఉన్న కనీస బ్యాటరీ బరువు తప్పక చూసుకోవాలి.

● యూరప్‌లో కారు వెనక కట్టుకుని తీసుకెళ్లే కారవాన్ ఇళ్లుంటాయి. కారు నుంచి విప్పాక వాటిని పార్కింగ్‌లో సర్దడానికి ‘మోటార్ మూవర్’ వాడతారు. చిన్న మోటార్లు రోలర్లను టైర్లకు అదిమి తిప్పుతాయి. రిమోట్ నొక్కితే కారవాన్ నడక కంటే నెమ్మదిగా కదులుతుంది. నడిపించేది 12 వోల్టుల బ్యాటరీ. దాని సత్తాను కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో కొలుస్తారు. ఎత్తు ఎక్కాల్సి వస్తే ఆ నిమిషాలూ తగ్గిపోతాయి.

● 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్ల కరెంటు. నష్టాలేవీ లేకపోతే, టన్ను బరువును 440 మీటర్ల ఎత్తుకు లేపడానికి అది చాలు. కానీ మోటారులో, గేర్లలో, టైర్లలో కొంత పోతుంది. పైగా సీసం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది.

● బ్యాటరీ మీద 100 ఆంపియర్ అవర్ అని ఉంటే సాధారణంగా 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు అని అర్థం. 50 ఆంపియర్లు లాగితే సీసం బ్యాటరీ 2 గంటలు రాదు, గంట దాటి కాసేపట్లోనే చేతులెత్తేస్తుంది. ఈ సూత్రాన్ని 1897లో చెప్పింది జర్మనీకి చెందిన పాయ్‌కర్ట్. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కే డ్రైవర్ చేతిలో చార్జింగ్ త్వరగా అయిపోవడానికి ఇదీ ఒక కారణం.

● 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ తొలి క్లాసులు నడిచింది సైనిక వాహనాలు తయారయ్యే ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో! 2015లో సంగారెడ్డి దగ్గరి కందికి మారింది. ప్యూర్ ఈవీ స్కూటర్ల కంపెనీ పుట్టింది ఈ ఐఐటీలోనే. డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే ‘తిహాన్’ కేంద్రాన్ని 2022 జులైలో ఇక్కడే ప్రారంభించారు.

● ట్రాక్టర్లకు పేరుపడ్డ జహీరాబాద్‌లో మూడు, నాలుగు చక్రాల ఎలక్ట్రిక్ బండ్ల కోసం మహీంద్రా 2023 ఫిబ్రవరిలో రూ.1,000 కోట్ల పెట్టుబడి ప్రకటించింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 చివరి దాకా మినహాయించింది.

● హైవే మీద 40 కిలోమీటర్ల వేగం నుంచి 60కి పెంచితే గాలి అడ్డు రెండుంపావు రెట్లవుతుంది. ఇంటికి చేరేదాకా చార్జింగ్ రాదనిపిస్తే చేయాల్సిన మొదటి పని వేగం తగ్గించడమే.

● సీసం బ్యాటరీకి 25 డిగ్రీలు హాయి. ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఎండాకాలంలో 40 దాటే మన ప్రాంతంలో బ్యాటరీని నీడలో ఉంచడం, ఎండన తిరిగొచ్చిన బండిని కాసేపు చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టడం ఖర్చు లేని పొదుపు.

● ఫోర్క్‌లిఫ్టు బ్యాటరీలో 2 వోల్టుల సెల్స్ 24 ఉంటే 48 వోల్టులు. ప్రతి సెల్‌కూ మూత ఉంటుంది, డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఎప్పుడు? చార్జింగ్ అయ్యాక. ముందే నిండా పోస్తే చార్జింగ్‌లో యాసిడ్ ఉబ్బి పొర్లుతుంది. ప్లేట్లు పైకి తేలితే మాత్రం మునిగేంత వరకు ముందే పోయాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి ఆ గదికి గాలి ఆడాలి. చాలాచోట్ల ఈ పనంతా చేసేది షిఫ్టులో ఒకే ఒక్క మనిషి. అతనికి యాసిడ్ సాంద్రత చూసే హైడ్రోమీటర్, గ్లౌజులు, కళ్లద్దాలు ఇచ్చి పని సరిగా నేర్పించండి. బ్యాటరీ ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది చాలావరకు అతని చేతిలోనే ఉంది, అతని క్షేమం మాత్రం యాజమాన్యం బాధ్యత.