మందీలో మూతబడిన డిస్టిలరీ, తేజీలో సీసా: బ్రోరా మచ్చు చూస్తే తేలేదెంత?

(మా వాణిజ్య విలేఖరి)

జానీ వాకర్ వారు 2017లో "బ్లూ లేబుల్ ఘోస్ట్ అండ్ రేర్" అన్న పేరుతో ఒక పరిమిత రకం విస్కీని విడుదల చేశారు. అమెరికాలో సీసా ఒక్కింటికి సుమారు 400 డాలర్ల ధర పెట్టారు. మామూలు బ్లూ లేబుల్‌కు అది ఇంచుమించు రెట్టింపు. కంపెనీ ఒకటే. రెండూ మాల్టు, గ్రెయిన్ విస్కీలు కలిపిన మిశ్రమ స్కాచ్‌లే. మరి ఈ వ్యత్యాసం సరుకులోనిదా, పేరులోనిదా? కానుకకో, దాచిపెట్టి అమ్ముకోవడానికో సొమ్ము పెట్టేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. మచ్చు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం 1983 నాటి స్కాట్లండు గోదాముల్లో ఉన్నది.

విస్కీ ఈ రోజు చేసి రేపు అమ్మే సరుకు కాదు. పది, పదిహేనేళ్ళ తర్వాత గిరాకీ ఎట్లా ఉంటుందో అంచనా కట్టి ఇవాళ పీపాలు నింపాలి. 1970 దశకంలో ఆ అంచనాలు బాగా తప్పాయి. 1973, 1979 చమురు సంక్షోభాల తరువాత గిరాకీ సన్నగిల్లినా పీపాలు నిండుతూనే వచ్చాయి. పేరుకుపోయిన ఆ నిల్వలకు అక్కడివారు "విస్కీ సరస్సు" అని పేరు పెట్టారు. చివరకు 1983లో డిస్టిల్లర్స్ కంపెనీ తనకున్న 45 మాల్టు డిస్టిలరీలలో 11 మూసివేసింది. ఐలా దీవిలోని పోర్ట్ ఎలెన్, ఈశాన్య తీరంలోని బ్రోరా అందులోవే. బ్రోరా 1819లో మొదలైన పాత డిస్టిలరీ. దాని అసలు పేరు క్లైనెలిష్. పక్కనే కొత్త ఫ్యాక్టరీ కట్టి ఆ పేరు దానికిచ్చాక, 1969లో పాతదానికి ఊరి పేరు వచ్చింది. నాడు ఎవరికీ అక్కరలేదని ఆపివేసిన సరుకే మూడు దశాబ్దాల తర్వాత దొరకని సరుకై కూర్చున్నది. "ఘోస్ట్" అంటే ఈ మూతబడిన డిస్టిలరీల దయ్యాలన్న మాట.

ఈ వర్తకంలో మందీ కొత్త కాదు. 1898లో లీత్ రేవుకు చెందిన ప్యాటిసన్ సోదరుల సంస్థ కుప్పకూలినప్పుడు ఎన్నో ఇతర సంస్థలూ మునిగిపోయాయి. తమ విస్కీ కొనమని చిలుకలకు మాటలు నేర్పి దుకాణాలకు పంచిన ఘనులు వారు. లెక్కల మోసం రుజువై 1901లో ఇద్దరికీ జైలు శిక్ష పడింది. చిలుకల మాట ఏమో గాని, నిల్వల విలువను కాగితం మీద పెంచి చూపే విద్య మాత్రం వారితో పోలేదు.

ఇక ఖర్చు లెక్క. స్కాట్లండులో పీపాలోని విస్కీ ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. వారు దానిని "దేవదూతల వాటా" అంటారు. మన వర్తక భాషలో తరుగు. 1983లో పోసిన 100 లీటర్లు 2017 దాకా పీపాలోనే ఉంటే 50 లీటర్లు మిగులుతుంది. పెట్టిన 100 రూపాయలకు నూటికి 8 చొప్పున చక్రవడ్డీ వేస్తే ఆ 34 ఏళ్ళకు దాదాపు 1,370 రూపాయలు అవుతుంది. తరుగును కూడా కలిపితే లీటరుకు పడే ఖర్చు మొదటి ఖర్చుకు 27 రెట్లు. గోదాము అద్దె, బీమా ఇందులో చేరలేదు. కనుక బాగా పాత విస్కీ ధర ఊరికే పెరిగిందని అనడానికి వీలులేదు.

అయితే కొనే సీసాలో ఆ పాత సరుకు ఎంత? మచ్చు చూడడం ఇందుకే.

యార్డులో మిర్చి టిక్కీ నుంచి కాయ తీసి ముందు రంగు చూస్తారు. విస్కీకి ఆ పద్ధతి పనికిరాదు. కారమెల్ రంగు కలపడానికి చట్టమే అనుమతిస్తుంది గనుక ముదురు రంగు వయస్సుకు సాక్ష్యం కాదు. ఇక్కడ ముక్కుదే పెత్తనం. మిశ్రమం తయారుచేసే నిపుణులు నీళ్ళు కలిపి ఘాటును 20 శాతం దాకా దించి వాసన చూస్తారు. ఘాటు ఎక్కువగా ఉంటే ముక్కు మొద్దుబారుతుంది, లోపాలు దాగిపోతాయి. గ్లాసు అడుగున వెడల్పుగా, అంచు దగ్గర సన్నగా ఉండాలి. ఐసు వేస్తే వాసన అణగిపోతుంది. 400 డాలర్ల సరుకులో ఐసు వేసుకునేవారు మామూలు బాటిలు కొనుక్కోవడమే లాభం.

ఈ విలేఖరి బ్రోరా రకాన్ని, మామూలు బ్లూ లేబుల్‌ను పక్కపక్కన పెట్టి మచ్చు చూడడం జరిగింది. బ్రోరా గ్లాసులో మొదట తగిలేది అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి దగ్గర వచ్చే మైనపు వాసన. తరువాత పండిన అనాస. నాలుక మీద నూనెలా జారుతుంది. వేయించిన గింజల రుచి, కొంచెం చేదు చాక్లెట్, అన్నీ పోయాక చివరన పలుచని పొగ. నాలుగు చుక్కలు నీళ్ళు పడగానే అనాస ముందుకు వచ్చి పొగ వెనక్కు తగ్గింది. మామూలు బ్లూ లేబుల్ దీని పక్కన మెత్తగా, కొంత పలుచగా తోచింది. కాని తొందరపడి తీర్పు చెప్పరాదు. బ్రోరా రకం ఘాటు 46 శాతం, మామూలుది 40 శాతం. రెండింటినీ ఒకే ఘాటుకు దించి చూస్తే తేడా సగానికి తగ్గింది. మిగిలిన ఆ మైనపు గుణం మాత్రం నిజమైనది, బాగున్నది కూడా. అది రెట్టింపు ధర చేస్తుందా అంటే, నాలుక లెక్కన చేయదు.

పైగా ఆ మైనపు గుణం బ్రోరా ఒక్కదానిదే అనడానికీ లేదు. ఈ మిశ్రమంలో ఎనిమిది డిస్టిలరీల సరుకు ఉన్నది. మూతబడిన వాటిలో బ్రోరా, పిట్టీవైక్, కాంబస్. నడుస్తున్న వాటిలో క్లైనెలిష్, రాయల్ లాక్నగర్, గ్లెన్‌కించీ, గ్లెన్‌లాసీ, కామెరాన్‌బ్రిడ్జ్. క్లైనెలిష్ కూడా మైనపు గుణానికి పేరుబడ్డదే, అది ఈనాటికీ తయారవుతున్నది. బ్రోరా ఎంత పాలు కలిసిందో లేబుల్ చెప్పదు. వయస్సు కూడా వేయలేదు. వేసి ఉంటే, 2009 నాటి స్కాచ్ నిబంధనల ప్రకారం, కలిసిన వాటన్నింటిలో చిన్నదాని వయస్సే వేయాలి. 30 ఏళ్ళ సరుకులో 12 ఏళ్ళది ఒక చెంచా కలిసినా అది 12 ఏళ్ళ విస్కీయే.

దాపరికం లేకుండా అమ్మబోయిన వారికి ఏమైందో కూడా చెప్పాలి. కంపాస్ బాక్స్ అనే చిన్న సంస్థ 2015లో "ఇది విలాస విస్కీ కాదు" అనే అర్థం వచ్చే పేరుతో 4,992 సీసాల మిశ్రమాన్ని తెచ్చింది. అందులో 19 ఏళ్ళ గ్లెన్ ఆర్డ్ 79 శాతమనీ, 40 ఏళ్ళ గ్రెయిన్ విస్కీలు రెండు కలిపి 17 శాతమనీ, 30 ఏళ్ళ కావోల్ ఈలా 4 శాతమనీ వివరాలన్నీ ప్రకటించింది. చిన్నదాని వయస్సు తప్ప మరే వయస్సూ చెప్పరాదని అభ్యంతరం వచ్చింది. సంస్థ ఆ వివరాలు తీసివేయవలసి వచ్చింది. సరుకు పాళ్ళు చెప్పడం తప్పు, చెప్పకపోవడం చట్టసమ్మతం! ఏ కిరాణా బజారులోనూ ఇటువంటి ధర్మం చూడము.

కొని దాచేవారు గమనించవలసింది మరొకటి ఉన్నది. దయ్యాలు తిరిగి లేచాయి. బ్రోరా 2021 మే నెలలో, పోర్ట్ ఎలెన్ 2024 మార్చిలో మళ్ళీ ఉత్పత్తి ప్రారంభించాయి. కొత్త బ్రోరాకు 34 ఏళ్ళు నిండడానికి 2055 దాకా ఆగాలి గనుక పాత నిల్వ విలువ ఒక్కసారిగా పడిపోదు. కాని "ఇక ఎన్నటికీ రాదు" అన్న మాటకు మునుపటి పట్టు లేదు. స్కాచ్ ఎగుమతులూ 2022లో 620 కోట్ల పౌండ్ల గరిష్ఠ స్థాయికి చేరి, 2023లో 560 కోట్లకు, 2024లో 540 కోట్లకు తగ్గాయి. తేజీలో నింపిన పీపాలు ఇప్పుడు గోదాముల్లో ఉన్నాయి.

పరిమాణంలో 2024లో స్కాచ్‌ను అందరికంటె ఎక్కువ తెప్పించుకున్నది మన దేశమే, 19 కోట్ల 20 లక్షల సీసాలకు సమానమైన సరుకు. 2025 జూలై 24న సంతకాలైన భారత్-బ్రిటన్ ఒప్పందం ప్రకారం 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకం, ఒప్పందం అమలైన వెంటనే 75 శాతానికీ, పదో సంవత్సరానికి 40 శాతానికీ దిగాలి. రేవుకు 100 రూపాయలకు చేరిన సరుకు సుంకంతో 250కి బదులు 175, తర్వాత 140 పడుతుందన్న మాట. దాని మీద రాష్ట్రాల ఎక్సైజు, ఇతర పన్నులు ఎప్పటి మాదిరే ఉంటాయి గనుక దుకాణంలో ధర అదే నిష్పత్తిలో దిగదు.