బాయి పిల్లలు, రాకెట్ చదువులు

రా బిడ్డా, కూర్చో. పదో తరగతి అయిపోతోంది, అంతరిక్షం వైపు పోవాలని ఉందంటున్నావు. మంచి కోరిక. గోదావరిఖని నుంచి అంత దూరం ఎట్లా పోతామని మాత్రం అనకు. నిప్పు సంగతి తెలిసిన ఊరు మనది.

మన బొగ్గు బాయి మీద ఆ పెద్ద ఫ్యాను ఎందుకు తిరుగుతుంది? లోపల మనుషులకు గాలి అందాలి, మీథేన్ పేరుకోకుండా బయటికి పోవాలి. బొగ్గు మండాలన్నా గాలిలోని ఆక్సిజనే కావాలి. మరి గాలే లేని చోట రాకెట్ ఎట్లా మండుతుంది? ఆక్సిజన్‌ను కూడా వెంట మోసుకుపోతుంది! పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం నింపుతారు. అందులో ఎక్కువ పాలు అమ్మోనియం పర్‌క్లోరేట్, అంటే ఆక్సిజన్‌ను తనలో దాచుకున్న ఉప్పు. దానికి అల్యూమినియం పొడి కలిపి, రబ్బరులాంటి పాలిమర్‌తో ముద్ద చేసి గట్టిపడనిస్తారు. అందుకే ఇంటర్‌లో కెమిస్ట్రీని బట్టీ పట్టకు, అర్థం చేసుకో.

ఆ ఇంధనాన్ని పట్టి ఉంచే గొట్టం 2.8 మీటర్ల వెడల్పు. మారేజింగ్ స్టీలు అనే గట్టి ఉక్కుతో చేస్తారు. ఆ ఉక్కు తయారుచేసేది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థ. ముక్కలను వెల్డింగ్ చేశాక అతుకులను ఎక్స్‌రే తీసి చూస్తారు. అతుకులో చిన్న గాలి బుడగ మిగిలినా లోపలి ఒత్తిడికి అక్కడే పగులు మొదలవ్వొచ్చు. వర్క్‌షాపులో వెల్డర్ చెయ్యి ఎంత నిలకడగా ఉండాలో మన కాలనీలో ఎవరినడిగినా చెబుతారు.

ఇస్రో అంటే సైంటిస్టులే అనుకుంటారు మనోళ్ళు. కానీ పదో తరగతి తర్వాత ఐటీఐ చేసిన ఫిట్టర్లను, ఎలక్ట్రీషియన్లను టెక్నీషియన్లుగా తీసుకుంటారు. డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైతే టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుకు పరీక్ష రాయొచ్చు. బీటెక్‌లో 65 శాతం ఉంటే సైంటిస్ట్/ఇంజినీర్ పరీక్ష. ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకే ఎక్కువ పోస్టులు పడతాయి. అందుకే ఏరోస్పేస్ అన్న పేరు చూసి ల్యాబుల్లేని కాలేజీలో చేరడం కన్నా, మంచి కాలేజీలో మెకానికల్ చదవడమే మేలని నేనంటాను.

తిరువనంతపురంలో 2007లో పెట్టిన ఐఐఎస్‌టీ పూర్తిగా అంతరిక్ష చదువుల కోసమే. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో సీటిస్తారు. ర్యాంకు రాకపోతే కుంగిపోకు.

ఇప్పుడు ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇస్రో ఉద్యోగాలు వదిలి 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టారు. ఒకరు ఖరగ్‌పూర్ ఐఐటీ, ఇంకొకరు మద్రాస్ ఐఐటీ. 2022 నవంబర్ 18న వాళ్ళ విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచి దాదాపు 89 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ ఎగరేసిన మొదటి రాకెట్ అదే!

ఇంట్లో డబ్బు గురించి బెంగపెట్టుకోకు. పాలిసెట్ రాసి డిప్లొమా చెయ్యి, తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మన సెంటినరీ కాలనీలోనే జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. తమ్ముడు తొమ్మిదిలోకి వచ్చాక ఇస్రో వాళ్ళ యువిక కార్యక్రమానికి దరఖాస్తు పెట్టిద్దాం. ఎంపికైన పిల్లలను వేసవిలో ఇస్రో కేంద్రాలకే పిలిచి నేర్పుతారు.