పందెపు బాకీ చెల్లుతుందా?

పందెంలో ఓడినవాడు సొమ్ము ఇవ్వకపోతే గెలిచినవాడు దావా వేయవచ్చునా? ఒకప్పుడు వేయవచ్చును. కలకత్తా వేలంలో నల్లమందు ఏ ధర పలుకుతుందన్న దానిపై కాసిన పందెం బొంబాయి న్యాయస్థానం నుండి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. ఆ పందెం చెల్లుతుందని 1848లో తీర్పు వెలువడింది. అదే ఏడాది వచ్చిన 21వ చట్టం పందెపు ఒప్పందాలు చెల్లవన్నది. ఆ నియమమే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 30వ సెక్షన్‌గా నేటికీ నిలిచి ఉన్నది.

అయితే చెల్లకపోవడం వేరు, నేరం కావడం వేరు. జూదగృహాలను శిక్షించేవి 1867 నాటి జూద చట్టం, ఆపై రాష్ట్రాలు చేసుకున్న చట్టాలు. పందెం చెల్లకపోయినా, దానికి అనుబంధమైన ఒప్పందం అంతమాత్రాన చట్టవిరుద్ధం కాదని 1959లో ఘేరూలాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బొంబాయి ప్రాంతంలో మాత్రం 1865 నాటి చట్టం అనుబంధ ఒప్పందాలను సైతం రద్దుచేసింది.

కనుక ఓడిన పందెపు సొమ్ముకు ఎక్కడా దావా లేదు. పందెం కోసం తెచ్చిన చేబదులు సంగతి వేరు. ఆ ఆట స్థానిక చట్టం ప్రకారం నేరం కానిదైతే, నాటి బొంబాయి ప్రాంతానికి వెలుపల ఋణదాత కోర్టుకెక్కవచ్చును. పందెం పోయినా అప్పు మిగులుతుందన్నది సరిహద్దు జిల్లాలవారు గుర్తుంచుకోదగిన విషయం.