సొల్యూషన్‌లో దాగిన ముడి

పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ప్లస్ వన్‌కో, పీయూసీకో వెళ్లగానే తికమకపెట్టే మాటల్లో ‘సొల్యూషన్’ ఒకటి. మనం రసాయనశాస్త్రంలో ద్రావణం అన్నాం, లెక్కల్లో సాధన అన్నాం. అక్కడ రెండింటికీ ఒకటే మాట. ఉప్పు కలిపిన నీళ్లకీ సమీకరణానికి దొరికిన జవాబుకీ సంబంధమేమిటని పిల్లవాడు అడిగితే, ‘రెండర్థాలున్నాయి, గుర్తుపెట్టుకో’ అని పంపేయడం సులువే. కానీ వాడు అడిగింది మంచి ప్రశ్న. దాని జవాబు లాటిన్‌లో ఉంది.

లాటిన్‌లో ‘సొల్వో’ అనే క్రియకు ‘విప్పుతున్నాను’ అని అర్థం. ఆ భాష నేర్చుకునేవాళ్లు దాని నాలుగు రూపాలు వల్లిస్తారు: సొల్వో, సొల్వెరె, సొల్వీ, సొలూటుమ్. సాల్వ్, సాల్వెంట్ మొదటి రూపాలను పోలి ఉంటాయి, సొల్యూషన్ నాలుగోదాన్ని. స్పెల్లింగులో ‘వి’ పోయి ‘యు’ ఎలా వచ్చిందని పిల్లలు అడుగుతారు. రోమన్లు ఆ రెండింటినీ ఒకే అక్షరంతో రాసేవారు.

జుట్టు ముడి విప్పినా ఈ క్రియే. ఒడ్డుకు కట్టిన మోకులు విప్పితే ఓడ బయలుదేరినట్టే కనుక ఓడ ప్రయాణానికీ ఇదే వచ్చింది. క్రీ.పూ. 55లో తాను బ్రిటన్‌కు సముద్రం దాటిన సంగతి రాస్తూ జూలియస్ సీజర్ దీన్నే వాడాడు. మంచు కరిగితే దాని బిగువు విడిపోయినట్టు. ఉప్పురాయి నీటిలో విడిపోతే ద్రావణం. చిక్కు ప్రశ్న విడిపోతే సాధన. పిల్లవాడి రెండు అర్థాలూ ఇక్కడ కలిశాయి.

అప్పు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రోమన్లకు అప్పంటే కట్టు. తొలినాళ్ల రోమ్‌లో ‘నెక్సుమ్’ అనే ఒప్పందం ఉండేది. ఆ పేరు కట్టడం అనే క్రియ నుంచి వచ్చిందే. దాని కింద అప్పు తీర్చలేనివాడు అప్పిచ్చినవాడి చేతిలో బందీ అయ్యేవాడు. క్రీ.పూ. 326లో ఒక చట్టం ఆ పద్ధతిని రద్దు చేసిందని సంప్రదాయంగా చెబుతారు. మాట మాత్రం మిగిలింది. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయ పాఠ్యపుస్తకం కూడా రుణబాధ్యతను చట్టం వేసిన కట్టుగానే నిర్వచించింది. కట్టు ఉన్నప్పుడు విప్పాలి కదా, అందుకే సొమ్ము చెల్లించడం కూడా ‘సొల్వెరె’ అయింది. ‘సాల్వెంట్’ రసాయనశాలలో ద్రావణి, బ్యాంకులో బాకీలు తీర్చగల మనిషి కావడం అందువల్లే.

దేవుడి బాకీకీ ఇదే లెక్క. రోమన్ సామ్రాజ్యపు బలిపీఠాల మీద వి, ఎస్, ఎల్, ఎం అనే నాలుగు అక్షరాలు తరచూ కనిపిస్తాయి. ఫలానావాడు మొక్కును ఇష్టంగా, దేవుడికి తగిన విధంగా తీర్చుకున్నాడని దాని భావం. అందులోని ఎస్ మన ‘సొల్వో’దే.

మొక్కు, అప్పు, సందేహం, ఈ మూడింటినీ తెలుగులో మనం ‘తీర్చు’తాం. లాటిన్ వాడుక లాగే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ‘తీర్చు’లో ఉన్నది ముగింపు, ముడి కాదు. సరైన జోడీ మన ‘విడు’. బ్యాంకులో పెట్టిన నగను ఇంటికి తెచ్చుకుంటే ‘తాకట్టు విడిపించాం’ అంటాం. ఆ తాకట్టులో కట్టు ఉంది, విడిపించడంలో విప్పడం ఉంది. రోమన్ న్యాయవాదికి ఈ మాట వివరించనక్కర్లేదు! పొడుపు కథకు జవాబు కూడా విడుపే.

మన చుట్టూ ఉన్న భాషల్లోనూ ఇదే వరస. తమిళంలో పొడుపు కథ విడుకదై, జవాబు విడై. కన్నడ లెక్కల పుస్తకంలో ‘సాధించండి’కి బదులు ‘బిడిసి’ అని ఉంటుంది. మన విడు అక్కడ బిడు. మరాఠీ పుస్తకంలో ‘సోడవా’ అంటారు, సోడణే అంటే వదలడం. ఒడియా మాత్రం వేరే దారి పట్టింది: అక్కడి ‘సమాధాన’ సంస్కృతం, దాని ధాతువును బట్టి చూస్తే కలిపి ఉంచడం. మన పాఠ్యపుస్తకాల ‘సాధించండి’లో ముడీ లేదు, కలపడమూ లేదు. ‘విప్పండి’ అని ఉంటే నాకు ఎక్కువ నచ్చేది.

ద్రావణి పాఠం చెప్పే రోజున బల్ల మీద ముడి వేసిన తాడు, గ్లాసెడు నీళ్లు, కాస్త రాళ్ల ఉప్పు పెడతాను. ముందు ఒక పొడుపు కథ, తర్వాత తాడు, ఆ తర్వాత ఉప్పు. కన్నడమో తమిళమో వీధిలో మాట్లాడే పిల్లలే మొదట చెయ్యి ఎత్తుతారు. ఇంట్లో తల్లిదండ్రులకైతే తాడు కూడా అక్కర్లేదు, ఒక పొడుపు కథ చాలు. ‘యాబ్సల్యూట్’ను మాత్రం పై తరగతికి వదిలేస్తాను. అదీ ఈ నాలుగో రూపం నుంచే వచ్చింది, దేనికీ కట్టుబడకుండా విడిపోయినదని దాని మొదటి అర్థం.