చిన్న బండే కదా!

మొన్న సంక్రాంతికి శంషాబాద్‌లో వుంటున్న మా చెల్లెలింటికి వెళ్ళాను. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి అక్కడికి తరలి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ వూరు వూరులా లేదు. పొలాల్లో వెంచర్లు లేచాయి, కాలనీలు వెలిశాయి. కూరలకు ఒక వైపు పోవాలి, బడికి ఇంకో వైపు పోవాలి. మిట్టమధ్యాహ్నం ఆటో కోసం నిలబడితే కాళ్ళు పీక్కుపోవలసిందే. అందుకని ఆ కాలనీలో దాదాపు ఇంటికొక కరెంటు స్కూటరు కనబడింది. పెట్రోలు ఖర్చు లేదు, గేరు లేదు, చప్పుడు లేదు. ఆడవాళ్ళకు రెక్కలొచ్చినట్లే వుంది. నేను దాన్ని తప్పు పట్టడంలేదు సుమండీ!

భోగి ముందురోజు సాయంత్రం పక్కింటావిడ తొమ్మిదేళ్ళ కొడుకును ముందు నించోబెట్టుకుని పూలకోసం బయలుదేరింది. హెల్మెట్టు గోడమేకుకు వేళ్ళాడుతోంది. "సందు చివరికే కదా వదినా" అంది మా చెల్లెలితో. ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీద పోయించిన ఇసుక. బ్రేకు నొక్కింది, బండి జారింది. పిల్లవాడి మూతి హేండిలుకు కొట్టుకుని పై వరుస ముందు పన్ను వేరుతో సహా వూడివచ్చింది. ఆవిడ గడ్డం చీరుకుపోయింది. ఎవరో పెద్దాయన పాపం ఆ పన్నును బాగా తోమి, తుడిచి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. రెండు గంటల తర్వాత పళ్ళ డాక్టరుగారు ఆ పొట్లం విప్పి, "వెంటనే పాలల్లో వేసి తెచ్చివుంటే బాగుండేదమ్మా" అన్నారు. పాలు లేని ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ లేదు. సంగతి తెలిసినవాళ్ళే లేకపోయారు.

అంచేత ముందు ఆ పన్ను సంగతే చెబుతాను. పన్ను వేరును అంటిపెట్టుకుని కంటికి ఆనని సన్నని పీచూ, జీవకణాలూ వుంటాయి. అవి బతికివుంటేనే పన్ను మళ్ళీ దవడలో అతుక్కుంటుంది. తోమితే రాలిపోతాయి, ఆరితే చచ్చిపోతాయి. కనుక పన్నును తెల్లగా కనిపించే భాగం దగ్గరే పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు. మట్టి అంటితే చల్లటి పాలతోనో, కుళాయి కిందనో ఒక్క పది సెకన్లు కడిగితే చాలు. కొంగుతో తుడవకండి. పిల్లవాడు మెలకువగా వుంటే ఆ పన్నును దాని చోట్లోనే మెల్లగా నొక్కి, మడిచిన రుమాలు కొరికి పట్టుకోమనవచ్చు. అంత ధైర్యం లేకపోతే చల్లటి పాలల్లో వెయ్యండి. పాలు దొరకకపోతే పిల్లవాడి వుమ్మే ఒక గిన్నెలో పట్టి అందులో వుంచండి. మంచినీళ్ళల్లో మాత్రం వుంచవద్దు, ఆ కణాలు వుబ్బి పగిలిపోతాయి. అరగంటలో డాక్టరు చేతికి అందితే మేలు, గంట దాటేకొద్దీ ఆశ తగ్గుతుంది. పక్క పళ్ళకు కలిపి ఓ రెండు వారాలు కట్టు వేస్తారు. విరిగిన ముక్క దొరికినా తీసుకువెళ్ళండి, అతికించే వీలుండవచ్చు. పాలపళ్ళను మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఎదుగుతున్న అసలు పన్ను దెబ్బతింటుంది. ఏ పన్నో తెలియకపోతే పాలల్లో వేసి పట్టుకుపోవడమే.

ఇక ఆవిడ గడ్డం. నాలుగు కుట్లు వేస్తే సరిపోతుందనుకున్నాం. కానీ గడ్డానికి తగిలిన దెబ్బ చెవి ముందున్న దవడ కీలు దాకా పోయి, అక్కడ ఎముకను విరిచే అవకాశముంది. నోరు తెరవలేకపోయినా, పళ్ళు మునుపటిలా కలవకపోయినా, కింది పెదవి మొద్దుబారినా ఎక్స్‌రే తీయించవలసిందే. ఆవిడ అదృష్టం, ఎముక విరగలేదు.

పళ్ళకన్నా ముందు తల అని వేరే చెప్పాలా? కొందరు పడ్డవెంటనే లేచి, "ఏమీ కాలేదండీ" అని ఇంటికొచ్చి, వంట కూడా చేస్తారు. కొన్ని గంటలకు పడిపోతారు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం మెల్లగా చేరుతుందన్నమాట. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, అదేపనిగా మగత, తికమక మాటలు, ఫిట్సు, ఒక కంటిపాప పెద్దది కావడం, ముక్కులోంచో చెవిలోంచో నెత్తురో నీరో కారడం – వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చెయ్యండి. కారుతున్న చెవిలో దూది కుక్కకండి. మగతగా వున్న మనిషికి కాఫీ పట్టకండి. మెడ తిప్పకండి. ఇలాంటప్పుడు పళ్ళ ఆస్పత్రి వెతుక్కోవద్దు, పెద్దాస్పత్రికే వెళ్ళాలి. సాయం చేస్తే పోలీసుల చుట్టూ తిరగాలేమోనన్న భయం అక్కర్లేదు. అలాంటివారికి 2019 నుంచి చట్టమే రక్షణ ఇస్తోంది.

"మెల్లగా పోయే బండికి హెల్మెట్టెందుకండీ?" అంటారు. 250 వాట్లలోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లలోపు పోయే బండికి రిజిస్ట్రేషనూ, లైసెన్సూ అక్కర్లేదన్న మాట నిజమే. కానీ రోడ్డుకు ఆ తేడా తెలియదు కదా! గంటకు 25 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దుకోవడం ఎనిమిది అడుగుల ఎత్తునుంచి పడడంతో సమానం. 45 అయితే ఇరవయ్యారు అడుగులు, అంటే రెండో అంతస్తు. పైగా ఈ బండి పిడి తిప్పగానే ఒక్క వుదుటున దూకుతుంది. గేటు ముందు తాళం తీయకుండా దిగితే, ముందు నిలబడ్డ పిల్లలు పిడి తిప్పేస్తారు. చప్పుడు లేదు కనుక నడిచేవాళ్ళు తప్పుకోరు. నించుని నడిపే బుల్లి స్కూటర్లది మరీ అన్యాయం, చిన్న చక్రం చిన్న గుంతకే ఆగిపోయి మనిషిని మూతి మీద పడేస్తుంది. పారిస్ నగరం అద్దె బుల్లి స్కూటర్లను 2023లో ఓటు పెట్టి మరీ మాన్పించింది.

హెల్మెట్టు లోపలి ధర్మోకోల్ వంటి పొర నలిగి, దెబ్బను తాను తింటుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ వాడకూడదు. ఐ.ఎస్.ఐ. గుర్తు, 4151 అన్న అంకె చూసి కొనండి. టోపీలా నెత్తిమీద కూర్చునేవి గడ్డాన్నీ, పళ్ళనీ కాపాడవు, మొహమంతా కప్పేదే కావాలి. జడ ముడి అడ్డొస్తుందని పట్టీ పెట్టుకోనివారున్నారు. వారి హెల్మెట్టు వారికన్నా ముందే రోడ్డు మీద దొర్లుతుంది! నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న తీగల వంతెన దగ్గర మోటారుసైకిలు జారి పడినప్పుడు తలకు హెల్మెట్టు వుంది. నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ చట్టప్రకారం హెల్మెట్టు వుండాలి. పిల్లల్ని ముందు నించోబెడితే హేండిలు సరిగ్గా వారి మూతి ఎత్తుకే వస్తుంది, వెనక కూర్చోబెట్టండి. పైటకొంగూ, చున్నీ బొడ్లో దోపుకోండి.

ఆ పిల్లవాడికి ఇప్పుడు తీసి పెట్టుకునే పన్ను అమర్చారు. దవడ పెరిగేకొద్దీ దాన్ని మారుస్తూ వుండాలట. ఎముకలో బిగించే పన్ను ఎదుగుదల ఆగాకే, అంటే పద్దెనిమిదేళ్ళు దాటాకే పెడతారట. ఇంకా తొమ్మిదేళ్ళుంది.