వెలుగు వైపు వంగే మొక్కలు

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెత వినని తెలుగువారు ఉండరు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ మాటను మరింత శ్రద్ధగా పాటిస్తున్నాయి. గణితం తరగతులు, సంగీతం, కూచిపూడి, స్పెల్లింగ్ పోటీలు – వారాంతమంతా పిల్లలను కారులో ఒకచోటినుండి మరొకచోటికి చేర్చడంతోనే గడచిపోతుంది. ఈ శ్రమ వెనుకనున్న ప్రేమను ఎవరూ శంకించలేరు. అయితే మొక్కను వంచడానికి రెండు మార్గాలు ఉన్నాయన్న సంగతి సామెత చెప్పదు.

కొమ్మకు త్రాడు కట్టి లాగడం మొదటి మార్గం. కుండీని కిటికీ దగ్గర ఉంచడం రెండవది. మొలక కొన వెలుగును గ్రహిస్తుందని చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలసి ప్రయోగాలు చేసి 1880లో ప్రకటించాడు. ఆ వంపునకు కారణమైన ఆక్సిన్ అనే రసాయనం ఆ తరువాత బయటపడింది. వెలుగు ఒక ప్రక్కనుండి పడినప్పుడు ఆక్సిన్ నీడవైపు ఎక్కువగా చేరుతుంది. ఆ వైపు కణాలు పొడవుగా సాగుతాయి. మొక్క వెలుగువైపు వంగుతుంది. వంచే బలం మొక్కలోనిదే. వెలుగు దిశను మాత్రమే చూపుతుంది. పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్ర త్రాటిదా, వెలుగుదా?

బహుమతుల సంగతి

“మంచి గ్రేడు తెస్తే వీడియో గేమ్ కొనిపెడతాము” అనడం అనేక గృహాలలో పరిపాటి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగం ఈ పద్ధతిని పునరాలోచింపజేస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ పాఠశాలలో బొమ్మలు వేయడం సహజంగానే ఇష్టమైన చిన్నారులను వారు మూడు బృందాలుగా చేశారు. మొదటి బృందానికి బొమ్మలు వేస్తే బంగారు నక్షత్రం అంటించిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందుగా చెప్పారు. రెండవ బృందానికి చెప్పకుండా, చివర ఇచ్చారు. మూడవ బృందానికి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తరువాత చూడగా, ముందుగా ఆశ చూపబడిన పిల్లలు బొమ్మలపై గడిపిన సమయం తక్కిన వారిలో సుమారు సగమే. ఇష్టమైన ఆట వారి మనస్సులో కూలిపనిగా మారిపోయింది. అనుకోకుండా బహుమతి పొందిన వారిలో ఈ నష్టం కనిపించలేదు. కాబట్టి దోషం బహుమతిది కాదు, బేరానిది.

ఒంటరిగా కూర్చునే గంట

ఆసక్తి ఉంటే చాలునా, శ్రమ అక్కరలేదా అన్న సందేహం కలగవచ్చు. దీనికి స్పెల్లింగ్ పోటీలే సమాధానం చెబుతాయి. రత్నం చిట్టూరి 1989లో భారతదేశంలోని పేద విద్యార్థుల సహాయార్థం స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్, 1993 నుండి ప్రవాస బాలబాలికలకు పోటీలు నిర్వహిస్తూ వస్తున్నది. జాతీయ స్థాయి విజేతలు అనేకులు ఆ వేదికపై తర్ఫీదు పొందినవారే.

జాతీయ స్పెల్లింగ్ పోటీ తుది దశకు చేరిన 190 మంది పిల్లలను ఏంజెలా డక్‌వర్త్ బృందం పరిశీలించి, 2011లో ఫలితాలను ప్రచురించింది. ఇతరులచేత ప్రశ్నలు అడిగించుకోవడం, సరదాగా పుస్తకాలు చదవడం, ఒంటరిగా కూర్చుని పదాలను అధ్యయనం చేయడం – ఈ మూడింటిలో గెలుపునకు ఎక్కువగా తోడ్పడినది ఒంటరి సాధనే. అన్నింటికంటె కష్టమైనదీ, తక్కువ ఆనందాన్ని ఇచ్చేదీ అదేనని పిల్లలు చెప్పారు. తండ్రి ప్రక్కన కూర్చుని ప్రశ్నలు అడగగలడు. ఆ ఒంటరి గంటను మాత్రం బిడ్డ తన సంకల్పంతోనే గడపాలి.

ఓటమి తరువాత

పొగడ్త కూడా జాగ్రత్తగా వాడవలసినదే. 1998లో క్లాడియా ముల్లర్, కెరల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాలలో, చిక్కుప్రశ్నలు సాధించిన అయిదవ తరగతి పిల్లలలో కొందరిని “నీవు తెలివైనవాడివి” అనీ, కొందరిని “బాగా కష్టపడ్డావు” అనీ మెచ్చుకొన్నారు. తరువాతి కఠిన ప్రశ్నలలో విఫలమైనప్పుడు మొదటివారే త్వరగా నిరుత్సాహపడ్డారు. అయితే మాటలకు మహిమ ఆపాదించరాదు. తెలివి పెంచుకోగలిగినదేనని బోధించే చిన్న పాఠాన్ని సుమారు 12,000 మంది తొమ్మిదవ తరగతి విద్యార్థులతో పరీక్షించగా, వెనుకబడినవారి గ్రేడ్ల సగటు 0.1 మేరకే పెరిగిందని 2019లో తేలింది. మాటకు ఇంటి వాతావరణం తోడు కావాలి.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. తల్లి వెంకమ్మ రెండు వైఫల్యాల తరువాత కూడా ఆశ వదలక చదివించారు. బోస్టన్ చేరిన ఆ యువకుడే, ఫిస్కేతో కలసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి, అనంతరం ఫోలిక్ ఆమ్ల పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆ తల్లి రసాయన శాస్త్రం నేర్పలేదు. తలుపు మూయలేదు, అంతే.

త్రాడు తెగే నాడు

ఈ దేశంలో పద్దెనిమిదేళ్ళు నిండగానే, లేక కళాశాలలో చేరగానే, విద్యా రికార్డులపై హక్కు 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం తల్లిదండ్రులనుండి విద్యార్థికి సంక్రమిస్తుంది. గ్రేడ్లు చూపాలో వద్దో సాధారణంగా ఇక బిడ్డ ఇష్టమే. త్రాటితో వంచబడిన మొక్క ఆనాడు ఏ వైపు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?

అందుచేత పోటీని ఎన్నుకొనే స్వేచ్ఛను చిన్ననాడే బిడ్డకు ఇవ్వాలి. ఎన్నుకొన్నదానిని ఆ సంవత్సరమంతా కొనసాగించమని కోరడం తప్పు కాదు. ఓడి వచ్చిన రోజున “ప్రక్కింటివారి అబ్బాయికి ఎంత వచ్చింది?” అనడానికి బదులు, “ఏది కష్టమనిపించింది?” అని అడగాలి. ఇంట్లో ఒక గంట టెలివిజను, ఫోను కట్టిపెట్టి పెద్దలు కూడా పుస్తకం పట్టాలి. వైద్యమో, ఇంజనీరింగో కాక చరిత్రపై మనస్సు పోయిన బిడ్డను ఆ వైపే ఎదగనివ్వాలి. ఇల్లు వెలుగునిస్తే చాలును. వంగే బలం బిడ్డలోనే ఉన్నది.