తోట ఇంటికి ఏ మరుగుదొడ్డి?

మామిడికాపు రోజుల్లో పిల్లాపాపలతో తోటలో కాపురముండేవారు, "రెండు నెలలకు మరుగుదొడ్డి దేనికి? చెట్టుచాటు చాలదా?" అంటారు. చాలదు. ఏలికపాము గుడ్లు మట్టిలో నెలల తరబడి బ్రతికి ఉంటాయి. కొంకిపురుగు పిల్లలు చెప్పులులేని కాళ్ళలోంచి ఒంట్లోకి దూరుతాయి, రక్తహీనత తెస్తాయి.

ఇటువంటి ఇంటికి ఖరీదైన సెప్టిక్ టాంకు అక్కరలేదు. రెండు గోతుల మరుగుదొడ్డి మేలు. మనిషికి ఒకసారికి 2 లీటర్ల నీళ్ళు చాలు. ఒక గొయ్యి నిండగానే రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని 2 ఏళ్ళు మూసి ఉంచితే ఎరువవుతుంది. బావికి కనీసం 15 మీటర్ల ఎడంగా, పల్లంవైపు తవ్వించండి.

ఇల్లు తాళం వేసిన నెలల్లో బేసిన్ కింది వంపులో నీరు ఎండిపోయి ఈగలు, దుర్వాసన పైకొస్తాయి. వెళ్ళేటప్పుడు బేసిన్‌కు మూత బిగించండి. రాగానే ముందు నీళ్ళు పోయండి.